తాత దరువు

నమోదు 1

కోడ్ కేటాయింపు గది. రాస్తున్నది ఓదెమ్మ.

పొద్దున్నే మూడో గల్లీ వాళ్ళు ముగ్గురు కలిసి వచ్చి నా మీద పడ్డారు. వాళ్ళ గదుల్లో గాలి ఆగి ఆగి వస్తోందట. దానికి కారణం నేనట. వాళ్ళ గాలిని కొంగున కట్టుకుని ఇంటికి పట్టుకుపోతున్నట్టు మాట్లాడారు.

"నీ మనుమనికి దొంగచాటుగ కొత్త దరువు కట్టినవట గదా ఓదెమ్మా! గందుకే మా గాలి గిట్ల అయితుంది."

"కొత్తది ఏడికెళ్ళి తేవాల్రా? వాళ్ళ తాతదే వానికిచ్చిన. మీ అందరి ముందల్నే గదా ఇచ్చింది! అప్పుడు బువ్వ తిని పోయిండ్రు, ఇప్పుడు యాదికి లేదా?"

గొణుక్కుంటూ పోయారు. ఈ జనానికి ఎన్నిసార్లు చెప్పినా తలకెక్కదు. ఈ బాయి మొత్తానికి ఉన్నది ఒక్కటే గాజు తీగ. అందరి వెలుగూ అందులోంచే, ఒకేసారి పోవాలి. ఎవరి మెరుపుల వరుస వాళ్ళది. జాతరలో ఎన్ని డప్పులు మోగినా మనవాళ్ళ దరువు మన చెవి పట్టుకున్నట్టు, గాలి యంత్రం ఒక్కొక్కరి వరుసను విడిగా పట్టుకుంటుంది. కాగితాల మీద దాన్ని కోడ్ అంటారు. మా నోళ్ళకు అది దరువు.

మెడలో వేసుకునే బిళ్ళలో ఎవరి దరువు వాళ్ళకు ఉంటుంది. ఏ గదిలోకి వెళ్ళినా బిళ్ళ తీసి గోడ గూట్లో పెట్టాలి. అది ఆ మనిషి ఊపిరి విని, వెలుగుగా మార్చి తీగలోకి పంపుతుంది. దాన్ని బట్టి ఆ గదికి గాలి వస్తుంది. ఒక దరువుకు ఒక్క మనిషి గాలి. బిళ్ళ గూట్లో లేకపోతే గాలి గొట్టానికి మూత పడుతుంది. భూమ్మీద బొగ్గుబాయిల్లోకి దిగేముందు మా ముత్తాతలు ఇట్లాగే బిళ్ళలు తీసుకునేవాళ్ళట. చంద్రుడి రాతి కిందికి వచ్చి ఇన్ని తరాలైనా బాయి అన్న పేరూ పోలేదు, బిళ్ళ అలవాటూ పోలేదు.

ఒకదానితో ఒకటి చిక్కుపడని వరుసలు కొన్నే ఉంటాయి. అవన్నీ ఎప్పుడో అయిపోయాయి. ఇంకొక్కటి బలవంతంగా ఇరికిస్తే చాలు, యంత్రం ఒకరి ఊపిరిని ఇంకొకరిదనుకుంటుంది. అందుకే ఇక్కడ ఒకరు పోతేనే ఇంకొకరికి దరువు. తాతది మనవడికి, అమ్మమ్మది మనవరాలికి. ఇది మా ఆచారం.

ఏడో గల్లీ కూలినప్పుడు మా ఆయన మొగిలి లోపలే ఉండిపోయాడు. తీగ పని ఆయనది. జట్టులో మిగతావాళ్ళు బయటపడ్డారు, ఈయన వెనక తీగ చుట్టుకుంటూ ఉండిపోయాడు. గల్లీకి అడ్డంగా కొండంత రాయి. తీగ తెగి అటు వెలుగంతా ఆరిపోయింది, ఆయన పోయాడనే అనుకున్నాం. అప్పటికి మా బిడ్డ రజితకు నెలలు నిండాయి. పుట్టబోయేవాడికి దరువు ఎక్కడిదా అని నేను నిద్రలేకుండా ఉన్న రోజులవి. "మొగిలన్న మనుమనికి జాగ ఇచ్చిపోయిండు" అని ఎవరో నా ముందే అన్నారు. ఆ మొహం మీద ఉమ్మేద్దామనిపించింది. ఉమ్మలేదు. ఆయన పేరు కొట్టేసి, అదే దరువు చిన్నోడికి రాశాను. అది నా ఉద్యోగం.

ఇప్పుడు చిన్నోడు పాకుతున్నాడు. మధ్యాహ్నం రజిత అరుచుకుంటూ వాణ్ణెత్తుకుని ఈ గదికి పరుగెత్తుకొచ్చింది. వాడి పెదాలు నీలంగా ఉన్నాయి. గదిలో గాలి మూత దానంతటదే పడిపోయిందట. నా ఒళ్ళో కాసేపటికి తేరుకున్నాడు.

నమోదు 2

మళ్ళీ అదే. రోజుకు ఒకసారి కాదు, పదే పదే. అల్లుడు తిరుపతి గూడు విప్పి తుడిచి మళ్ళీ బిగించాడు. సరిగ్గా బిగించలేదని వాణ్ణి తిట్టాను. పాపం, వాడు మళ్ళీ విప్పి బిగించాడు.

చిన్నోడి దరువును నా తెర మీద పెట్టుకుని కూర్చున్నాను. పసివాడి ఊపిరి గబగబా కొట్టుకుంటోంది. దాని కిందనే ఇంకొకటి. చాలా సన్నగా, నిదానంగా, బరువుగా. ఒక దరువు మీద రెండు ఊపిరులు! రెండూ కలిసి పడ్డప్పుడు యంత్రానికి ఏది ఎవరిదో తెలియక మూత వేసేస్తోంది.

పక్క గదుల వాళ్ళ వరుసలు వచ్చి తగులుతున్నాయేమో అనుకున్నాను. ఒక్కొక్కరి బిళ్ళా తీయించి చూశాను. వాళ్ళ చేత నానా మాటలూ పడ్డాను. అయినా ఆ సన్నటి ఊపిరి పోలేదు. చివరికి చిన్నోణ్ణి రజిత పక్కన, దాని గాలి మీద పడుకోబెట్టించి, వాడి బిళ్ళ నేనే చేతిలోకి తీసుకుని వచ్చాను.

బిళ్ళ నా అరచేతిలో ఉంది. తెర మీద దరువు వెలుగుతూనే ఉంది.

ఆ వెలుగు ఏ వైపు నుంచి వస్తోందో చూశాను. ఏడో గల్లీ. రాయికి అవతల.

మొగిలికి ఊపిరి లోపలికి తీసుకుని, ఒక్క క్షణం ఆపి, అప్పుడు వదిలే అలవాటు. పక్కన పడుకుని ఏళ్ళ తరబడి విన్నదాన్ని. ఆ ఆగడం తెర మీద కనిపించింది. నేను ఏం అరిచానో నాకు తెలియదు. పక్క గది వాళ్ళు ఎవరో చచ్చారనుకుని పరుగెత్తుకొచ్చారు.

ఏడో గల్లీ చివర ఆపద గది ఒకటుంది. జట్టు మొత్తానికి సరిపడా తిండి, నీళ్ళు, గూట్లో బిళ్ళ పెడితే తెరుచుకునే ఒక గాలి తొట్టి పెట్టి ఉంచుతారు. ఒక్కడే కాబట్టి ఇన్నాళ్ళు గడిచింది. తెగిన తీగను రాళ్ళలో వెతికి వెతికి ఇప్పటికి అతికించాడు. మేము వింటామని అతికించాడు. అతికించిన రోజు నుంచే ఇక్కడ మూడో గల్లీ గాలి తడబడుతోంది, మనవడి గాలి మూతపడుతోంది. అక్కడా అంతే. వీడి గబగబ ఊపిరికి ఆయన తొట్టి మూత తెరుచుకుని గాలి ఊరికే పోతోంది. ఒకరి గాలి ఒకరు తాగేస్తున్నారు. ఇద్దరికీ ఆ సంగతి తెలియదు.

నమోదు 3

బక్కయ్యను పిలిచాను. బక్కయ్య ఈ బాయికి సర్దార్, పెద్ద. మా ఆయనకు చిన్నప్పటి జోడీ. నన్ను వదినె అంటాడు.

వచ్చి తెర ముందు కూర్చున్నాడు. చిన్నోడి దరువు ఒక్కటే కొట్టుకుంటోంది. పక్క గదిలో వాడు గుక్కపెట్టి ఏడుస్తున్నాడు. ఆ సన్నటి ఊపిరి లేదు. కూర్చున్నాం, కూర్చున్నాం. లేదు.

"వదినే, తెగిన తీగ కొసకు వెలుగు తాకి మళ్ళొస్తది. పోరని దరువే తిరిగొచ్చి నీకు రెండోసారి కనవడుతుంది. గంతే."

"బిళ్ళ నా చేతుల ఉంటే ఏది తాకి వచ్చిందయ్యా?"

"నువ్వు సరిగ్గ సూడలేదేమో."

"ఇన్నేండ్ల సంది నేను సూసేది ఇదేనయ్యా! నాకు కండ్లు లేవా?"

ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి తోసేశాను. జాలి పడేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. రాయి తవ్వాలంటే మంచు తవ్వే యంత్రాన్ని ఆపి అటు తిప్పాలట. అది ఆగితే నీళ్ళకు కటకట. పైగా ఆ రాయి మళ్ళీ కూలుతుందేమోనన్న భయం. "నీ మాట మీద గంత మందిని ఎట్ల దింపాలె వదినే? ఏదన్న రుజువు సూపెట్టు" అని వెళ్ళిపోయాడు.

సాయంత్రానికి రజిత నవ్వు మొహంతో వచ్చింది. "అవ్వా, పొద్దటి సంది మూత ఒక్కసారి వడలే. తిరుపతి బిగిచ్చింది ఇప్పుడు కుదిరినట్టున్నది" అంది. దాన్ని చూసి సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. మొగిలి ఊపిరి కనిపించిందని, వాళ్ళ బాపు బతికే ఉన్నాడని దానికి చెబితే నన్ను కౌగిలించుకుని, "బాపు పోయిండవ్వా, నువ్వు ఇంత తిని పండుకో" అంది. కన్న కూతురికే నేను పిచ్చిదాన్నయ్యాను.

నమోదు 4

మూత ఎందుకు పడడం లేదో తెలిసింది. తెలియకపోతేనే బాగుండేది.

తెర ముందు నుంచి లేవలేదు. చిన్నోడు మెలకువగా ఉండి ఆడుకుంటున్నా, ఏడుస్తున్నా, అటు వైపు చీకటి. వాడు నిద్రపోయి ఊపిరి చిన్నదైన కాసేపటికి ఆ సన్నటి వెలుగు వస్తుంది. వీడు ఉలిక్కిపడి లేచాడా, చటుక్కున పోతుంది. ప్రతిసారీ అంతే.

గూటి పక్కన చిన్న ముల్లు ఉంటుంది. మన దరువు మీద ఎవరి ఊపిరి నడిచినా అది ఊగుతుంది. ఆయన దాన్ని చూశాడు. తనది కాని ఊపిరి, అంత గబగబా కొట్టుకునేది ఎవరిదో ఆయనకు తెలియదా? రజితను గుండె మీద పడుకోబెట్టుకుని పెంచినవాడు. మా ఆచారమూ తెలుసు. తన పేరు కొట్టేశారని, తన దరువు మనవడికి వెళ్ళిందని అర్థమైంది. అందుకే వాడు లేచినప్పుడల్లా తన బిళ్ళ తీసేస్తున్నాడు. గదిలో మిగిలిన చెడ్డగాలితో ఓర్చుకుంటున్నాడు. వాడు పడుకున్నాక మళ్ళీ పెట్టుకుని నాలుగు ఊపిరులు తీసుకుంటున్నాడు. రజిత సంబరమంతా ఇదీ.

రజితను కూర్చోబెట్టి చూపించాను. అది నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కింద కూలబడింది. "ఇప్పుడే పోరని బిళ్ళ తీస్తా" అని వాణ్ణి తన గాలి మీదే ఉంచుకుంది. ఇద్దరికి ఒకరి గాలి. సగం పూట కూడా కాలేదు, కళ్ళు తిరిగి పడిపోయింది. వాణ్ణి కింద పడేయకుండా పట్టుకున్నది తిరుపతి. వాడి బిళ్ళ మళ్ళీ గూట్లో పెట్టక తప్పలేదు.

బక్కయ్యను మళ్ళీ పిలిచాను. ఈసారి చిన్నోణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకుని జో కొట్టాను. వాడు నిద్రపోయాడు. కాసేపటికి తెర మీద ఆ వెలుగు వచ్చింది. బక్కయ్య కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"సూడు" అని చిన్నోడి తొడ మీద గిల్లాను.

వాడు కెవ్వుమన్నాడు. అటు వైపు వెలుగు ఆరిపోయింది.

మళ్ళీ జో కొట్టాను. పడుకున్నాడు. వెలుగు వచ్చింది. మళ్ళీ గిల్లాను. ఆరిపోయింది. నా వేలిగోటికి అక్కడ ఆ మనిషి ఊపిరి ఆగుతోందని తెలుసు. అయినా గిల్లాను. ఏ ఆడదానికీ ఇట్లాంటి పని రాకూడదు. మూడోసారి చెయ్యి లేపేసరికి బక్కయ్య నా చెయ్యి పట్టుకున్నాడు.

"సాలు వదినే. సాలు. తీగ కొస గిట్ల జెయ్యదు. ఆడ మా మొగిలన్ననే ఉన్నడు."

ఆ పూటే మంచు యంత్రాన్ని ఏడో గల్లీకి తిప్పారు. తిరుపతి ముందు నిలబడ్డాడు.

నమోదు 5

తవ్వకం సాగుతోంది గానీ రాయి గట్టిది. అది పగిలేదాకా ఆయన ఇట్లా అరకొర గాలితో బతకడు. నిన్నటికంటే ఈరోజు ఊపిరి తడబడుతోంది. చిన్నోడికి ఇంకో దరువు ఇచ్చేస్తాను, అది తేలిపోయింది. ఎవరిది ఇవ్వాలో కూడా నా మనసులో తేలిపోయింది. కానీ ఇచ్చినా ఆయనకెట్లా తెలుస్తుంది? ముల్లు ఊగడం ఆగితే పోరడికి ఏమైందోనని గుండె పగిలి చస్తాడు. మాటతో చెప్పాలి.

మాట పోవడం లేదు. అతుకు బలహీనం. ఇన్ని వందల వెలుగుల రొదలో ఆయన గొంతు మాకు రాదు, మాది ఆయనకు చేరదు. ఊపిరి లాంటి నిదానపు ఊగు మాత్రమే వస్తోంది. మాట వినాలంటే మిగతా వెలుగులన్నీ ఆరాలి. అంటే బాయిలో అందరూ ఒకేసారి బిళ్ళలు తియ్యాలి.

ఇది విని జనం గుండెలు బాదుకున్నారు. ఈ బాయిలో మనిషి అడుగుపెట్టిన నాటి నుంచి తీగ ఎన్నడూ చీకటి కాలేదు. తీగ ఆరిందంటే బాయి చచ్చినట్టేనని చిన్నప్పటి నుంచి విన్నవాళ్ళం. "ఒక్కనికోసం అందరి దీపాలు ఆర్పుతవా?" అని మూడో గల్లీ వాళ్ళు నా మీదికి వచ్చారు. నేను గొడవ పడలేదు. జీవితంలో మొదటిసారి చేతులు జోడించాను. "నా మొగడు నా మనుమని కోసం ఊపిరి బిగవట్టుకుంటుండు. మీరు కొద్దిసేపు నా కోసం బిగవట్టుండ్రి. మీ కాల్మొక్కుత" అన్నాను.

బక్కయ్య అందరికంటే ముందు తన బిళ్ళ తీసి అరచేతిలో పెట్టుకున్నాడు.

జాతర హాల్లోకి అందరినీ చేర్చాం. లేవలేనివాళ్ళను మంచాలతో సహా తెచ్చాం. నా తెర, మైకు కూడా అక్కడే పెట్టించాను. హాల్లో నిండి ఉన్న గాలి కొంతసేపు సరిపోతుంది. ఒక్కొక్కరే బిళ్ళలు తీస్తుంటే తెర మీద గీతలు ఒకటొకటిగా పోయాయి. చివరికి చిన్నోడిది. తెర నల్లబడింది.

కాసేపటికి ఒక్క గీత వచ్చింది. మైకు నోటికి ఆనించుకున్నాను.

"ఏమయ్యో! నేనే, ఓదెమ్మను. వినవడుతుందా?"

బుసబుస. తర్వాత గొంతు. అది ఆయన గొంతేనా అనిపించేంతగా ఎండిపోయింది.

"ఓదీ... ముల్లు ఊగుతలేదే. పోరడు మంచిగున్నడా?"

మొదటి మాట అదీ. రజిత నేల మీద కూర్చుని ఏడుస్తోంది.

"మంచిగున్నడు. ఈడనే ఉన్నడు."

"నా దరువు ఇచ్చిండ్రంటే పోరడే గదా?"

"పోరడే. ముక్కు నీదే వచ్చింది, ఏం జేస్తం."

ఆయన నవ్వబోయి దగ్గాడు. "ఏడ్సినప్పుడల్లా బిళ్ళ తీస్తున్న. ఆనికి గాలి సరిపోతుందా?"

"ఇగ తియ్యకు. తవ్వుతున్నం, వస్తున్నం. పోరనికి వేరే దరువు ఇస్తున్న. ఇది నీదే. ముల్లు ఊగకుంటే భయపడకు. బిళ్ళ గూట్ల వెట్టి దాని మొహం సూడకు."

ఆయన నా మొగుడు. నా ఉద్యోగం నాకెంత తెలుసో ఆయనకూ అంతే తెలుసు.

"వేరేది యాడిదే? ఖాళీ దరువు లేదు గదా. ఎవలు సచ్చిండ్రు?"

నాకు బుర్ర పని చెయ్యలేదు. నాది అని తెలిస్తే ఆ క్షణమే బిళ్ళ తీసి విసిరేస్తాడు. ఎదురుగా బక్కయ్య నిలబడి ఉన్నాడు.

"బక్కయ్య" అన్నాను.

"ఎవలు? మన బక్కయ్యా?"

"ఆ. గుండె ఆగింది."

బక్కయ్య ఉలిక్కిపడి నన్ను చూశాడు. అర్థమైంది కాబోలు, సరేనని తలూపాడు. హాల్లో ఎవరూ నవ్వలేదు. తీగలోంచి ఏడుపు వచ్చింది. మొగిలి ఏడవడం నేను ఇంతకుముందు విన్నది లేదు.

"అయ్యో బక్కిగా... నాకంటె చిన్నోడు గదనే. ఆని పెండ్లాన్ని మంచిగ అరుసుకోండ్రి."

బక్కయ్య రెండు చేతులతో నోరు మూసుకుని, కళ్ళనీళ్ళు కారుతుండగా గోడ వైపు తిరిగాడు. అక్కడక్కడ పిల్లలు దగ్గడం మొదలైంది. గాలి అయిపోతోంది.

"బిళ్ళ ముట్టవు గదా? నా మీద ఒట్టు."

"ముట్ట. పోరన్ని ఒక్కసారి ఏడిపియ్యవే, వింట."

మళ్ళీ గిల్లాను. వాడు హాలు అదిరేలా ఏడ్చాడు. ఆయన విన్నాడు. అంతలో బక్కయ్య చెయ్యి ఊపాడు, అందరూ గూళ్ళకు పరుగెత్తారు. వెలుగులు నిండగానే ఆయన గొంతు మునిగిపోయింది.

నమోదు 6

ఇది నా చేత్తో రాసే చివరి నమోదు. నా దరువు లేకుండా ఈ గది యంత్రం తెరుచుకోదు.

తిరుపతి వచ్చి, "నాది తీసుకో అత్తా" అన్నాడు. నువ్వు తవ్వాలిరా, గాలి లేకుండా రాయి ఎట్లా కొడతావన్నాను. రజిత తనది ఇస్తానంది. పాలిచ్చే తల్లివి, నోర్మూసుకోమన్నాను. నేనైతే పెద్దదాన్ని. ఇంటికి కాసేపు చొప్పున తిరుగుతాను. తల తిరిగితే లేచి పక్కింటికి పోతాను. పసివాడు తల తిరుగుతోందని చెప్పలేడు కదా.

దరువు విడుదల చెయ్యాలంటే యంత్రం కారణం అడుగుతుంది. దానికి తెలిసిన కారణం ఒక్కటే, మరణం. మా పెద్దలకు ఇంకో కారణం తోచలేదు. నా పేరు ఎదురుగా అదే నొక్కాను. మనిషి పోయినా గూట్లోని బిళ్ళ వెలుగుతూనే ఉంటుంది కాబట్టి, తర్వాత దాన్ని కన్న బిడ్డ తియ్యాలి; మొగిలిది తెగిన తీగతో ముందే ఆరింది గనక అప్పుడు ఆ పని పడలేదు. పసివాళ్ళది తప్ప, ఎదుటి మనిషి బిళ్ళను గూట్లోంచి ఇంకొకరు తియ్యడం మాలో మనిషి పోయినప్పుడే జరుగుతుంది. అది కూడా యంత్రం చూస్తుంది, తీసినవాళ్ళు తమ బిళ్ళను గూటికి ఆనిస్తేనే ఒప్పుకుంటుంది.

రజిత గూటి ముందు నిలబడి ఉంది. చెయ్యి లేపుతుంది, దించుతుంది.

"నా చేత గాదవ్వా. నువ్వు బతికుండంగ ఎట్ల తియ్యాలె? మనసొప్పుతలేదు."

"ఆడ మీ బాపు మనసొప్పి ఊపిరి బిగవడుతుండా? తియ్యవే. నాకూ భయమైతుంది, జల్ది తియ్యి."

నిజంగానే భయమేసింది. ధైర్యం ఏమీ లేదు. ఈ మాట కూడా రాసి పెడుతున్నాను. రజిత ఏడుస్తూ, "అవ్వా, అవ్వా" అంటూనే చెయ్యి ఎత్తింది. అది తియ్యకముందే నేను ఈ నాలుగు ముక్కలు ముగించాలి. చిన్నోడి కొత్త దరువు రాసి ఉంచాను. మొగిలి దరువు ఎదురుగా మొగిలి పేరు మళ్ళీ రాశాను.

నమోదు 7

రాస్తున్నది సర్దార్ బక్కయ్య. చెప్తున్నది ఓదెమ్మ. చెప్పింది చెప్పినట్టు రాయాలని ఆమె ఆజ్ఞ.

నన్ను ఏడో గల్లీలో, దుమ్ముకు కాస్త దూరంగా కూర్చోబెట్టారు. తవ్వేవాళ్ళు విడతలవారీగా నా పక్కన కూర్చుని వాళ్ళ గాలి నాకింత ఇస్తున్నారు. మూడో గల్లీ వాళ్ళు కూడా వచ్చారు. తలనొప్పి ఉంది. చిన్నోడు బాగున్నాడు, మూత ఒక్కసారీ పడలేదు. మొగిలి దరువు ఆరకుండా వెలుగుతోందని బక్కయ్య పూటపూటకూ చెబుతూ వచ్చాడు. ఆ ఒక్క మాట మీదే బతికాను.

ఇందాక బక్కయ్య వచ్చి నా ముందు నిలబడ్డాడు. ఆయన మొహం చూసి యంత్రాన్ని పట్టుకున్నవాళ్ళు ఆపేశారు.

"వదినే... దరువు ఆరిపోయింది."

తిరుపతి యంత్రం పట్టు వదిలేశాడు. ఎవరో ఏడుపు అందుకున్నారు. నాకూ ఒక్క క్షణం కళ్ళు చీకట్లు కమ్మాయి. తర్వాత ఒళ్ళు మండిపోయింది.

"ఎందుకు ఏడుస్తున్రు? సచ్చినోని బిళ్ళ గూట్లనే ఉంటది, వెలుగుతనే ఉంటది, బిడ్డ వచ్చి తీసేదాక! ఆయన బిళ్ళ ఎవలు తీసిండ్రు? ఆడ ఇంకెవలున్నరు? ఆయనే తీసిండు. మన సప్పుడు విని గోడకాడికి వస్తుండు. గల్లీల గాలి లేదు. ఎంతసేపు నిలవడతడు? కొట్టుండ్రి!"

తిరుపతి మళ్ళీ యంత్రం పట్టుకున్నాడు. అంత వేగంగా కొట్టడం నేను ఎప్పుడూ చూడలేదు. నా లెక్క తప్పితే? అతుకే మళ్ళీ తెగి ఉంటే? నోట్లో కొంగు కుక్కుకుని కూర్చున్నాను.

రాయికి కన్నం పడింది. మావైపు గాలి ఈల వేస్తూ అందులోకి పోయింది. నేను పాకుకుంటూ వెళ్ళి భుజం దాకా చెయ్యి దూర్చాను. దుమ్ము, రాళ్ళు. ఇంకా అవతల జుట్టు తగిలింది. చెమటతో తడిసి ఉంది. గోడకు ఆనుకుని కూలబడ్డాడు. ఆ జుట్టు పట్టుకుని గుంజాను.

"లే! బిళ్ళ తియ్యద్దన్న గదా, ఒట్టేసినవు గదా, సిగ్గుందా నీకు! లే!"

పలకలేదు. గాలి ఈల వేస్తూనే ఉంది. ఇంకోసారి గుంజాను. అప్పుడు దగ్గు వినిపించింది. ఒకటి, ఆగి మళ్ళీ ఒకటి. వెనక జనం అరిచిన అరుపుకు రాళ్ళు రాలాయి.

ఈ బక్కయ్య ఊరుకోవాలి కదా! (చెప్పినట్టు రాయి బక్కయ్యా.) సంతోషం పట్టలేక కన్నం దగ్గరికి వచ్చి, "మొగిలన్నా! నేనే, బక్కిగాన్ని!" అని కేక పెట్టాడు.

లోపల దగ్గు ఆగింది. ఆయన వేళ్ళు నా వేళ్ళను వెతుక్కుని పట్టుకున్నాయి.

"బక్కయ్య బతికే ఉన్నడు."

"ఆ."

"మరి పోరనికి ఇచ్చింది ఎవలదే?"

ఈ మనిషికి చెప్పాల్సిన పని ఎప్పుడూ లేదు. నా చెయ్యి వదిలి లోపల ఏదో తడుముకున్నాడు. తర్వాత నా అరచేతిలో చల్లగా ఏదో పెట్టి వేళ్ళు మూశాడు. తన బిళ్ళ.

"వెట్టుకో. నీకు తల తిరుగుతుంటది. నాకు ఈ కన్నం సాలు."

అంత కోపం నాకు జన్మలో రాలేదు. అంత ఏడుపు కూడా రాలేదు. ఆ బిళ్ళను మళ్ళీ కన్నంలోకే తోసి, ఆయన పిడికిట్లో పెట్టి, పైనుంచి నా చేత్తో గట్టిగా బిగించాను.

"ఇప్పుడొద్దు. బయటికొచ్చి ఇయ్యి, తీసుకుంట."

ఆయన ఏదో అన్నాడు, యంత్రం మోతలో వినబడలేదు. కన్నం ఇంకా చాలా వెడల్పు చెయ్యాలి. తిరుపతి నన్ను పక్కకు జరగమంటున్నాడు.